అరికాలి పని

పద్నాలుగో వరస పూర్తయ్యేసరికి మట్టిబాబాయికి నడుం పట్టేసింది. రెండు అరచేతులూ నేలకి ఆనించి, గోడకి సున్నం వేసేవాడిలా అటూ ఇటూ జరుపుతూ, జానెడు ముందుకి పాకి, మళ్ళీ చేతులు పరిచి, మళ్ళీ జానెడు ముందుకి పాకుతూ తెల్లవారుజామున నాలుగు నుంచి ఇదే పని. శాలలో ఒకటే బల్బు వెలుగుతోంది. తలుపు లోపలినుంచి గడియ పెట్టి ఉంది. ఇరవై రెండు వరసల్లో ఇంకా ఎనిమిది మిగిలాయి.

నిన్న పైకప్పు రేకులు మార్చారు. పనివాళ్ళు పోతూ పోతూ, "ఊడ్చేశాం బాబాయ్, చూసుకో, అద్దంలా ఉంది" అని చేతులు దులుపుకున్నారు. ఆ అద్దంలోంచి ఇప్పటికి పదకొండు రేకు ముక్కలు తీశాడు ఆయన. కొన్ని గోరంత, కొన్ని బియ్యపు గింజంత. దారానికి కట్టిన అయస్కాంతానికి కొన్ని అంటుకున్నాయి, మిగతావి వేళ్ళకి తగిలాయి. అన్నిటినీ చొక్కా జేబులో వేసుకుని, వాళ్ళని మనసులోనే నాలుగు తిట్టి, పదిహేనో వరసకి తిరిగాడు.

ఆయన పని పేరు నేల చూడటం. ఆ శాలలో సాము నేర్చుకునే పిల్లలెవరూ కాళ్ళకి ఏమీ తొడుక్కోరు. మట్టినేల మీద ఎగరటం, దొర్లటం, పడటం, మునివేళ్ళ మీద గిర్రున తిరగటం, అంతా ఒట్టికాళ్ళతోనే. అందుకని రోజూ వాళ్ళు రాకముందే ఎవరో ఒకరు నేలంతా ఒట్టికాళ్ళతో తొక్కి చూడాలి. ఇరవైనాలుగో ఏట ఈ పనిలో చేరాడు. చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా నడిచేవాడు. ఇసుక రేణువుకీ విరిగిన కర్ర పేడుకీ జడపిన్నుకీ తేడా అరికాలే చెప్పేది. పెద్దగురువుగారు ఒకసారి పందెం కట్టి, నేల మీద మూడు ఆవగింజలు పడేసి వెతకమన్నారట. రెండు పట్టుకుని, "మూడోది మీ మడమకి అంటుకుందండీ" అన్నాడట. రెండు గింజల సంగతి నిజమే. మూడోది తర్వాత పిల్లలు చేర్చుకున్నారు, ఆయన కూడా కాదనలేదు.

ఇదంతా ఎనిమిది నెలల కిందటి వరకు. ఒకరోజు స్నానానికి పెట్టిన మరిగే నీళ్ళ బకెట్‌లో పొరపాటున కాలు పెట్టి, అలాగే నిలబడి తువ్వాలు కోసం చూస్తున్నాడు. ఇంటావిడ కేక వేసింది. కాలు చూస్తే తోలు ఉబ్బిపోయి ఉంది. ఆసుపత్రిలో డాక్టరు సూదితో అరికాళ్ళు పొడిచి చూసి, షుగరు వల్ల నరాలు చచ్చిపోయాయన్నాడు. "ఇకనుంచి ఒట్టికాళ్ళతో గడప కూడా దాటొద్దు. ఇంట్లో ఉన్నా చెప్పులే. ముల్లు దిగినా మీకు తెలియదు, అర్థమైందా?" అన్నాడు. మెత్తటి చెప్పులకి చీటీ రాసిచ్చాడు.

అర్థమైంది. ఆ చెప్పులు వేసుకునే రోజూ శాలకి వస్తున్నాడు. గుమ్మం దగ్గర విప్పుతున్నాడు. గుమ్మం లోపలి సంగతి డాక్టరు అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆరింటికి వచ్చేవాడల్లా నాలుగింటికే వచ్చి, తలుపు వేసుకుని, కాళ్ళు చేసిన పని చేతులతో చేస్తున్నాడు. ఈ సంగతి ఇంటావిడకి తప్ప మూడో మనిషికి తెలియదు. తెలిసిన రోజున ఈ నేల మీద ఆయన పని అయిపోయినట్టే. అరవైనాలుగేళ్ళ వయసులో మరో పని రాదు, నేర్చుకునే ఓపిక అంతకన్నా లేదు.

ఇంటావిడ ఎదురు సందులో బట్టలు కుడుతుంది. పిల్లల సాము లాగులన్నీ ఆవిడ కుట్టినవే. రోజూ సాయంత్రం కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టుకుని, కళ్ళద్దాలు పైకి తోసి, ఆయన అరికాళ్ళు రెండూ బల్బు వెలుగులో తిప్పి తిప్పి చూస్తుంది. "పెళ్ళయి ముప్పై ఆరేళ్ళకి నీ కాళ్ళు పట్టుకునే గతి పట్టించావు కదయ్యా" అంటుంది. ఆయన నవ్వుతాడు. నిన్న కూడా చూసింది, చిన్న గీత కూడా లేదంది.

ఆరింటికి ఇరవై రెండో వరస ముగిసింది. లేవడానికి స్తంభం పట్టుకోవలసి వచ్చింది. సామాన్ల గదిలోకి వెళ్ళి చేతులు కడుక్కుని, గడియ తీసి, నేల మీద నీళ్ళు చిలకరించాడు. తడి ఇంకిన మట్టి వాసన లేచింది. ఒకప్పుడు ఆ చల్లదనం కాళ్ళకి తెలిసేది. ఇప్పుడు ముక్కుతో సరిపెట్టుకుంటున్నాడు.

ఆరున్నరకి పెద్దగురువుగారి కూతురు వచ్చింది. తండ్రి పోయిన ఈ ఐదేళ్ళుగా శాల ఆవిడే నడుపుతోంది. పిల్లలకి అక్క, మట్టిబాబాయికి మాత్రం అమ్మాయి. నాలుగేళ్ళ వయసులో ఈ నేల మీదే ఆయన వేలు పట్టుకుని సాములో మొదటి అడుగులు నేర్చుకుంది. వస్తూనే గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కొళాయి కింద కాళ్ళు కడుక్కుని లోపలికి అడుగుపెట్టింది. అక్కడ అందరికీ అదే పద్ధతి, కాళ్ళు కడుక్కోకుండా నేల తొక్కకూడదు.

"రేకు ముక్కలేమైనా ఉన్నాయా బాబాయ్?"

"పదకొండు."

"మొత్తం చూశావుగా?"

"చూశాను తల్లీ. అంగుళం వదల్లేదు."

అబద్ధం కాదు. అయినా ఆవిడ కళ్ళలోకి చూడలేక చీపురు వెతుక్కున్నాడు.

ఏడింటికి ఇరవై ఆరుమంది పిల్లలూ చేరారు. వాళ్ళలో ఒక పిల్లతో పాటు ఆ పిల్ల నాన్న కూడా వచ్చాడు. మందుల షాపాయన. నెమ్మదైన మనిషి, చేతిలో ఒక అట్టపెట్టె ఉంది. గుమ్మం బయటే నిలబడి మాట్లాడాడు.

"నేను వాదనకి రాలేదండీ. మా పాపకి మడమ దగ్గర కొంచెం బలహీనం. కింద మెత్తగా ఏదైనా ఉండాలన్నారు. పల్చటి బూట్లు తెచ్చాను, వేసుకోనివ్వండి. మిగతా చోట్ల అందరూ వేసుకునే నేర్చుకుంటున్నారు కదా."

"బూటు వేస్తే వేళ్ళు నిద్రపోతాయండీ" అంది అమ్మాయి. "తిరిగేటప్పుడు బరువు ఏ వేలి మీద ఉందో పిల్లకి తెలియాలి. అది తెలియకుండా తిరిగితే మోకాలు పోతుంది. మడమ సంగతి తర్వాత."

"రేపు రోడ్డు మీద ఎవడైనా మీదకొస్తే, ఆగు నాయనా చెప్పులు విప్పుకోనీ అంటుందా?"

పిల్లలు పకపకా నవ్వారు. అమ్మాయికీ నవ్వొచ్చింది. "రోడ్డు మీదైతే ముందు చెప్పు తీసే కొడుతుంది లెండి."

మందుల షాపాయన కూడా నవ్వాడు గానీ పెట్టె మాత్రం కింద పెట్టలేదు. "సరే, అన్నీ ఒప్పుకుంటాను. నేల మీద ఏముందో మనకేం తెలుసు? నిన్న ఇటుగా పోతూ చూశాను, పైన రేకులు కోస్తున్నారు."

"మా నేల బాబాయ్ చూస్తాడండీ. నలభై ఏళ్ళుగా చూస్తున్నాడు. ఆయన కాలు పడనిచోట మా పిల్లల కాలు పడదు. అంతకన్నా ఏ బూటు కాపాడుతుంది చెప్పండి?" అని వెనక్కి తిరిగి పిలిచింది. "బాబాయ్! ఒకసారి నేల మీద నడిచి చూపించు."

మూల నిలబడి కర్రలు సర్దుతున్న మట్టిబాబాయి చేతిలో ఉన్న కర్రని గోడకి ఆనించి నిలబెట్టాడు. ఇన్నాళ్ళూ ఎవరూ నడిచి చూపించమనలేదు. ఆవిడ బడాయి పోవటం లేదు, మనసారా నమ్మి అంటోంది. అదే ఆయనకి కష్టంగా ఉంది. కొళాయి దగ్గరికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు. నీళ్ళు పడుతున్నట్టు చూస్తే తెలుస్తోంది తప్ప కాళ్ళకి తెలియటం లేదు.

నడిచాడు. చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు అరమోడ్చి, మడమ మెల్లగా ఆనించి, తర్వాత వేళ్ళు ఒక్కొక్కటీ పరుస్తూ, వెనకటి లాగే. నలభై ఏళ్ళ అలవాటు కదా, కాళ్ళు వాటంతటవే నడిచాయి. ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్ళీ వెనక్కి. ఏమీ తెలియకుండానే మధ్యలో ఒకచోట ఆగి, ఏదో తెలిసినట్టు తల పంకించాడు కూడా. ఎందుకు చేశాడో ఆయనకే తెలియదు. సిగ్గుగా అనిపించింది.

"బాగుందండీ" అన్నాడు మందుల షాపాయన, మర్యాదగానే. పెట్టె పక్కన పెట్టి గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చున్నాడు. సాధన మొదలైంది.

పది నిమిషాలైనా కాలేదు, చివరి వరసలో ఒక పిల్ల ఆగిపోయింది.

"అక్కా, ఇక్కడ రక్తం."

అమ్మాయి చప్పట్లు కొట్టి అందరినీ ఆపేసింది. తడి మట్టి మీద రూపాయి బిళ్ళంత మచ్చ. అడుగు దూరంలో మరొకటి. ఇంకా అవతల ఇంకొకటి. "ఎవరూ కదలకండి. ఎక్కడివాళ్ళక్కడ కూర్చుని అరికాళ్ళు చూపించండి" అంది. ఇరవై ఆరుమందీ కూలబడి కాళ్ళు చాపారు. మట్టి అంటిన యాభై రెండు అరికాళ్ళు వరసగా పైకి లేచాయి.

మట్టిబాబాయికి ఒక్కటే తోచింది. తన చేతులు ఏదో వదిలేశాయి, ఏ పిల్లకో దిగింది. తడబడుతూ వరస వెంట పరుగెత్తాడు. ఒక్కొక్కరి ముందూ వంగి, పాదం పట్టుకుని, మట్టి తుడిచి చూశాడు. "నీకా? నొప్పిగా ఉందా నాన్నా? నీకేమో చూడనీ." ఎవరికీ లేదు. మొదటి వరసయింది. రెండో వరస సగమయింది. ఆయన ముఖం చెమటతో తడిసిపోయింది.

మందుల షాపాయన కూతురు మట్టిబాబాయి ముఖం చూడలేదు. ఆయన వెనక నేల చూస్తోంది. మొదటి వరస వెంట, రెండో వరస సగం దాకా, కొత్త మచ్చలు.

"బాబాయ్" అంది మెల్లగా. "మీ కాలు."

ఆయన కాలు ఎత్తి చూసుకున్నాడు. కుడి మడమలోంచి మట్టీ రక్తమూ కలిసి కారుతున్నాయి.

మందుల షాపాయన గబగబా చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఆయన్ని కూర్చోబెట్టి, కాలు ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళతో కడిగాడు. మడమ మధ్యలో రేకు ముక్క ఒకటి, బొటనవేలి గోరంత, పూర్తిగా లోపలికి దిగి ఉంది. తెల్లవారుజామున బల్బు వెయ్యటానికి చీకట్లో నేల దాటినప్పుడే దిగి ఉండాలి. అంతసేపూ మట్టి కూరుకుని రక్తం ఆగింది. కొళాయి కింద కడిగాక తెరుచుకుంది.

"నొప్పి లేదా పెద్దాయనా?"

"ఉందండీ. కొద్దిగా."

మందుల షాపాయన ఆయన ముఖంలోకి కాసేపు చూశాడు. "ఒకసారి కళ్ళు మూసుకోండి. నేను కాలు ముట్టుకున్నప్పుడల్లా చెప్పండి" అన్నాడు. జేబులోంచి కలం తీశాడు.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. చుట్టూ పిల్లలు చేరి చూస్తున్నారు. మందుల షాపాయన కలం మొనతో బొటనవేలి కింద నొక్కాడు. ఆయన నోరు మెదపలేదు. వేళ్ళ సందున నొక్కాడు. నోరు మెదపలేదు. కలం తీసేసి, చెయ్యి దూరంగా పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"ఇప్పుడు" అన్నాడు మట్టిబాబాయి. కాసేపాగి మళ్ళీ, "ఇప్పుడు."

అమ్మాయి అక్కడినుంచి లేచి వెళ్ళిపోయింది.

పిల్లల్ని ఆ పూటకి ఇళ్ళకి పంపేశారు. మందుల షాపాయన షాపునుంచి తెప్పించిన చిన్న పట్టకారుతో ముక్క తీసి, కట్టు కట్టి, ఈ పూటే ఆసుపత్రికి వెళ్ళాలని మరీ మరీ చెప్పి, వెళ్తూ, "బూట్ల సంగతి సోమవారం మాట్లాడుకుందాం లెండి" అన్నాడు. ఆ మాటలో గెలిచానన్న ధోరణి లేదు. అమ్మాయి తలూపింది. దానికన్నా ఆయన నాలుగు మాటలు అని ఉంటేనే బాగుండుననిపించింది ఆవిడకి.

మట్టిబాబాయి రేకు ముక్కని వేళ్ళ మధ్య తిప్పి చూస్తున్నాడు. పన్నెండోది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది అమ్మాయి, నిలబడే.

"ఎనిమిది నెలలు."

"ఎనిమిది నెలలు! ఇక్కడ ఇంతేసి పిల్లలు ఒట్టికాళ్ళతో గెంతుతుంటే... నీ కాళ్ళ మీద ఒట్టేసి చెప్తున్నాను బాబాయ్ నేను అందరికీ. ఇందాక ఆయనతో ఎంత గొప్పగా చెప్పానో విన్నావుగా?"

"నేల శుభ్రంగానే ఉందమ్మా. చేతుల్తో చూశాను. రోజూ చూశాను. ఇవాళ కూడా మిగిలిన ఒక్క ముక్కా నా కాల్లోనే ఉంది."

"చేతుల్తోనా? ఇంత నేలా?"

"ఊఁ. నాలుగింటికే వచ్చి, తలుపు వేసుకుని."

ఆవిడ ఆయన అరచేతులు తిప్పి చూసింది. వేళ్ళ చివర్లు అరిగి నున్నగా ఉన్నాయి. కోపం ఎక్కడిదక్కడ దిగిపోయి పక్కన కూలబడింది. "నాతో ఒక్క మాట చెప్పచ్చుగా."

"చెప్తే గేటు దగ్గర కుర్చీ వేస్తావు."

"వేస్తే తప్పేంటి?"

"తప్పేం లేదు. కూర్చోవటం రాదు నాకు."

కొత్త రేకులు ఎండకి టకటకమంటున్నాయి.

"ఒక పని చెయ్యి" అంది అమ్మాయి. "చెప్పులు వేసుకునే లోపలికి రా. నీ ఒక్కడికీ. నాన్న ఉన్నా ఒప్పుకునేవాడు. కాళ్ళతో వద్దు, చేతుల్తోనే చూడు. ఆరింటికే రా, తలుపు వేసుకోకు. నేను కూడా వచ్చి సగం చూస్తాను."

ఆ మాటకి మట్టిబాబాయికి ఏడుపొచ్చింది. ఈ నేల మీద చెప్పుల కాలు పడనివ్వని మనిషి కూతురు ఆ మాట అంటోంది. సరే అనేస్తే ఎంత బాగుంటుంది! రేపు కూడా రావచ్చు, ఎల్లుండి కూడా. నోటిదాకా వచ్చింది. కళ్ళు తుడుచుకుని, కుడిచేతి వేళ్ళు చాచి ఆవిడ ముందు పెట్టాడు.

"పది రోజులై ఈ రెండు వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కి ఉంటున్నాయి తల్లీ. ఇది మీ పిన్నికి కూడా చెప్పలేదు. కాళ్ళ తర్వాత చేతులే అని డాక్టరు అప్పుడే అన్నాడు. ఇవాళ పదకొండు దొరికాయి. రేపు పదే దొరికితే పదకొండోది ఉందని నాకెట్లా తెలుస్తుంది?"

అమ్మాయి ఆ వేళ్ళని పట్టుకుంది.

"ఇందాక ఆ పిల్లల కాళ్ళు ఒక్కొక్కటీ చూస్తుంటే నా ప్రాణం పోయింది. ఇంకోసారి ఆ పని నేను చెయ్యలేను. నాది అయిపోయిందమ్మా." చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "వరసలు గోడ పక్కనుంచి మొదలుపెట్టు. తొందరపడకు. కళ్ళు మూసుకో, లేకపోతే కళ్ళు చూసిందే కాళ్ళు నమ్ముతాయి. నీకు తెలుస్తుంది. నీ కాళ్ళు మంచివి."

ఇంటావిడ కబురందుకుని, మెడలో కొలత టేపుతోనే పరుగెత్తుకొచ్చింది. కట్టు చూసి, మొగుణ్ణి చూసి, తిట్టడానికి నోరు తెరిచి, అమ్మాయి ముఖం చూసి ఆగిపోయింది. "రోజూ చూస్తూనే ఉన్నానమ్మా" అంది తప్పంతా తనదే అయినట్టు. "నిన్న కూడా చూశాను."

"నువ్వు బాగానే చూశావులే, పద" అన్నాడు ఆయన.

ఆవిడ భుజం పట్టుకుని గుమ్మం దాకా నడిచాడు. బయట చెప్పులు తొడుక్కున్నాడు. కట్టు మీద కుడి చెప్పు పట్టకపోతే ఇంటావిడ వంగి పట్టీ వదులు చేసింది. ఈసారి కాళ్ళు పట్టుకోవటం గురించి ఏమీ అనలేదు. సందు మలుపు దాకా అమ్మాయి చూస్తూ నిలబడింది. ఆయన వెనక్కి తిరగలేదు. చేతులు వెనక్కి కట్టుకోబోయి, పట్టు తప్పి, మళ్ళీ భార్య భుజం మీద వేశాడు.

సాయంత్రం పిల్లలు రావడానికి గంట ముందు అమ్మాయి ఒక్కతే శాలకి వచ్చింది. కాళ్ళు కడుక్కుంది. పడమటి గోడ పక్కన నిలబడి కళ్ళు మూసుకుంది. ముప్పై ఏళ్ళుగా ఈ నేల మీద గెంతింది, దొర్లింది, ఎందరినో పడేసింది, ఎన్నోసార్లు పడింది. ఇలా నడవటం ఇదే మొదటిసారి. మడమ ఆనించి, వేళ్ళు పరిచి, ఒక్కో అడుగూ వేసింది. ఆరో వరసకే పిక్కలు లాగాయి. పద్నాలుగో వరసలో కూర్చుని కాసేపు సేద తీరింది. ఇరవై రెండు వరసలూ పూర్తయ్యేసరికి చెమటలు పట్టాయి. ఒక్క రేకు ముక్క లేదు. పేడు లేదు, పిన్ను లేదు, చిన్న గులకరాయి కూడా లేదు.

నీళ్ళు చిలకరించడానికి చెంబు కోసం సామాన్ల గదిలోకి వెళ్ళింది. చెంబు నీళ్ళ డ్రమ్ము మీద లేదు. డ్రమ్ము వెనక్కి వంగి చూస్తే గోడకి కొట్టిన మేకు ఒకటి, మేకుకి రెండు గుడ్డ మెత్తలు వేలాడుతూ కనిపించాయి. ఎవరివో అనుకుంటూ తీసింది. అరచెయ్యంత మందపాటి గుడ్డ, నాలుగు వైపులా కట్టుకోవటానికి పట్టీలు, అంచుల వెంట మూడు వరసల కుట్టు. పిల్లల సాము లాగులకి ఇంటావిడ వేసే కుట్టే అది. రెండు మెత్తలకీ మధ్యలో గుడ్డ అరిగి చిల్లులు పడ్డాయి, లోపలి దూది అణిగిపోయింది, మోకాళ్ళు ఆనినచోట పడ్డ గుంటల్లో శాల మట్టి ఇంకా అంటుకునే ఉంది.